నెమ్మదించిన కడుపును సంభాళించుకోవడం ఎలా: మోటిలిన్ చేసే పని, దాన్ని అనుకరించే మందు

షుగరు వ్యాధి వచ్చి పదేళ్లు దాటిన వారిలో కొందరికి ఒక చిత్రమైన ఇబ్బంది మొదలవుతుంది. ఉదయం తిన్న రెండు ఇడ్లీలు మధ్యాహ్నం భోజనం వేళకు కూడా కడుపులోనే కూర్చున్నట్టు ఉంటుంది. నాలుగు ముద్దలు తినేసరికి ఇక చాలనిపిస్తుంది. రాత్రి పడుకున్నాక పొద్దుటి కూర వాసనతో తేన్పు వస్తుంది. ఎప్పుడో ఒకనాడు వాంతి అయితే అందులో ముందు రోజు తిన్న టమాటా తొక్క కనిపించి ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. చాలామంది దీన్ని గ్యాస్ అనుకుని, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్యాప్సూళ్లతో నెలలు గడిపేస్తారు. ఆమ్లాన్ని తగ్గించే మందు ఆమ్లాన్ని తగ్గిస్తుందే గాని కడుపును కదిలించదు, ఇక్కడ దెబ్బతిన్నదేమో కదలిక. దారిలో అడ్డేమీ లేకపోయినా జీర్ణాశయం ఆహారాన్ని కిందికి పంపడంలో ఆలస్యం చేసే ఈ స్థితిని వైద్యులు గ్యాస్ట్రోపరెసిస్ అంటారు.

ఈ వ్యాసం ఆ స్థితిలో ఉన్నవారికీ, వారికి వండిపెట్టేవారికీ ఉద్దేశించినది. తిండిని ఎలా మార్చుకోవాలో, పరీక్షకు ఎలా సిద్ధపడాలో, మందు ఎలా వాడాలో చెప్పే ముందు మోటిలిన్ అనే పేగు హార్మోను గురించి కొంత చెప్పక తప్పదు. తరువాత వచ్చే సలహాల్లో చాలావాటికి మూలం దాని పనితీరులోనే ఉంది.

తిన్నప్పుడు రుబ్బడం, తిననప్పుడు ఊడవడం

జీర్ణాశయం చేసే పని తిన్నాక ఒక రకంగా, కడుపు ఖాళీ అయ్యాక మరొక రకంగా ఉంటుంది. తిన్న తరువాత దాని కింది భాగం నిమిషానికి మూడుసార్ల చొప్పున ముడుచుకుంటూ ఆహారాన్ని రుబ్బుతుంది, చివరనున్న కవాటం ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద పలుకును దాదాపుగా పోనివ్వదు. రుబ్బురోలు దగ్గర కూర్చున్న మనిషి పిండిని వేళ్లతో చూసి, ఇంకా బరకగా ఉంటే మళ్లీ లోపలికి తోసినట్టు, నలగని ముక్కను కడుపు వెనక్కి తోసి మళ్లీ రుబ్బుతుంది. ఎంత రుబ్బినా నలగనివి కొన్ని ఉంటాయి: కరివేపాకు ఈనె, మిరప గింజ, టమాటా తొక్క, కొత్తిమీర కాడ. ఇవి భోజనంతో పాటు వెళ్లలేవు, కడుపు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఆగుతాయి.

వాటిని పంపించే పని అప్పుడు మొదలవుతుంది. ఏమీ తినకుండా ఉన్నంతసేపు, సుమారు గంటన్నర నుంచి రెండు గంటలకొకసారి, జీర్ణాశయాన్ని ఆనుకుని ఉండే ఆంత్రమూలంలోనూ దాని తరువాత వచ్చే చిన్నపేగు పై భాగంలోనూ ఉన్న ప్రత్యేక కణాలు మోటిలిన్‌ను రక్తంలోకి విడుదల చేస్తాయి. అది కేవలం 22 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని మోతాదు శిఖరానికి చేరిన సమయంలో జీర్ణాశయంలో బలమైన ముడుతలు పుట్టి, ఐదు నుంచి పదిహేను నిమిషాల పాటు సాగి, అలలాగా చిన్నపేగు పొడవునా కిందికి జరిగిపోతాయి. అప్పుడు కవాటం కూడా తెరుచుకుంటుంది కనుక మిగిలిపోయిన తొక్కలు, గింజలు, జిగురు, పేగులో చేరిన సూక్ష్మజీవులు అన్నీ ముందుకు కొట్టుకుపోతాయి. అల దాటిపోయాక కొంతసేపు అంతా నిశ్శబ్దం, ఆ తరువాత చెదురుమదురు కదలికలు, మళ్లీ అల. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఈ అల పేగు పొడవునా ఎలా ప్రయాణిస్తుందో 1969లో షర్షెవ్‌స్కీ వివరించారు. హార్మోను సంగతి చూస్తే, కెనడాలోని వాంకూవర్‌లో పనిచేసిన జాన్ బ్రౌన్ బృందం 1966లో కుక్కల ఆంత్రమూలంలోకి క్షార ద్రవం పంపినప్పుడు కడుపు కదలికలు పెరగడం గమనించి, కొన్నేళ్ల తరువాత పంది పేగు పొర నుంచి దాన్ని వేరుచేసి, 1973 నాటికి దాని అమైనో ఆమ్లాల వరుసను తేల్చింది.

బాగా ఆకలేసినప్పుడు కడుపు గుర్రుమనడానికి ఈ అలే ప్రధాన కారణం, ఆకలి అనిపించడంలో కూడా మోటిలిన్‌కు పాత్ర ఉంది. మనం దాన్ని కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయని అంటాం. తమాషా ఏమిటంటే ఎలుకల్లోనూ చుండెలుకల్లోనూ పనిచేసే మోటిలిన్ జన్యువే లేదు, ప్రయోగశాలల్లో అందరూ వాడే జంతువులు ఈ ఒక్క హార్మోను విషయంలో పనికిరాకుండా పోయి, పరిశోధకులు కుక్కల మీద, కుందేళ్ల మీద, ఎలుకజాతికి చెందని చుంచుల మీద ఆధారపడవలసి వచ్చింది.

రోగికి పనికొచ్చే విషయాలు ఇందులో రెండున్నాయి. మొదటిది, ఏదైనా తిన్న వెంటనే ఈ ఊడ్పు ఆగిపోయి కడుపు మళ్లీ రుబ్బే పనికి మారుతుంది, గంటకోసారి ఒక బిస్కటో గుప్పెడు కారప్పూసో నోట్లో వేసుకునే అలవాటు ఉన్నవారికి పగలంతా ఊడ్పు జరిగే వేళే దొరకదు. రెండోది, షుగరు వల్ల కడుపు నెమ్మదించిన చాలామందిలో మోటిలిన్ తగ్గి ఉండదు, కొందరిలో మామూలు కంటే ఎక్కువగానే కనిపిస్తుంది. కడుపును నడిపే వేగస్ నాడి, కడుపు గోడలో లయను పుట్టించే కహాల్ కణాలు దెబ్బతిని, పిలుపు వచ్చినా కండరం సరిగా పలకదు. అందుచేత రక్తంలో మోటిలిన్ ఎంత ఉందో తెలుసుకునే పరీక్ష చేయించుకోవడం వల్ల చికిత్సకు ఉపయోగం లేదు. ఎవరైనా రాసినా ఎందుకని అడగండి.

ముందు నిర్ధారణ, తరువాతే ఏదైనా

కడుపుబ్బరం, త్వరగా కడుపు నిండినట్టు ఉండడం, వికారం ఇవన్నీ కడుపులో పుండుకీ, కవాటం దగ్గర గడ్డకీ, థైరాయిడ్ లోపానికీ కూడా లక్షణాలే. అందుకే ముందుగా ఎండోస్కోపీ చేసి అడ్డేమీ లేదని నిర్ధారించుకోవాలి. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లినా ఎండోస్కోపీలో ఆహారం మిగిలి కనిపించిందంటే అదే ఒక పెద్ద ఆధారం. బరువు తగ్గిపోతున్నా, వాంతిలో రక్తం పడినా, మలం తారులాగా నల్లగా వచ్చినా, మింగడం కష్టమైనా, ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే దోషి అందులోనే ఉండవచ్చు. ట్రమడాల్ వంటి నొప్పి మందులు, కడుపు నొప్పికి వాడే కొన్ని కండర సడలింపు మాత్రలు కడుపును నెమ్మదింపజేస్తాయి. షుగరుకూ బరువు తగ్గడానికీ ఈ మధ్య విరివిగా వాడుతున్న సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ ఇంజెక్షన్లు కూడా ఒక పేగు హార్మోనునే అనుకరిస్తాయి, కానీ ఆ హార్మోను పని మోటిలిన్ పనికి ఎదురు: కడుపు ఖాళీ కావడాన్ని అది ఆలస్యం చేస్తుంది. అలాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టిన నెలలోనే ఇబ్బంది మొదలైతే ఆ మాట ముందుగా చెప్పాలి.

నిర్ధారణకు ప్రామాణికమైనది న్యూక్లియర్ స్కాన్. అమెరికాలో కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న టెక్నీషియం కలిపిన గుడ్డు తెల్లసొనను రొట్టె, జామ్‌తో తినిపిస్తారు; మన దేశంలో కొన్ని కేంద్రాలు ఆ టెక్నీషియంనే ఇడ్లీలో కలిపి పెడుతున్నాయి, ఉదయం పూట గుడ్డు ముట్టని వారికి ఇది ఎంతో నయం. తిన్న వెంటనే ఒకసారి, ఆ తరువాత ఒకటి, రెండు, నాలుగు గంటలకు కెమెరా ముందు నిలబెట్టి ఇంకా ఎంత మిగిలిందో లెక్కిస్తారు. ప్రామాణిక భోజనంతో రెండు గంటలకు 60 శాతం కంటే ఎక్కువ గాని, నాలుగు గంటలకు 10 శాతం కంటే ఎక్కువ గాని మిగిలితే ఆలస్యం ఉన్నట్టు. గంటన్నరలో ముగించి పంపేసే స్కాన్ చాలామందిలో లోపాన్ని పట్టుకోలేదు కాబట్టి నాలుగు గంటల పరీక్షేనా అని ముందే అడగండి. కదలికను పెంచే మందులనూ తగ్గించే మందులనూ రెండు మూడు రోజుల ముందు డాక్టరుకు చెప్పి ఆపాలి, ఆ ఉదయం పొగ తాగకూడదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆరోగ్యవంతుల కడుపు కూడా నెమ్మదిస్తుంది, అందుకే ఆ రోజు పరగడుపు చక్కెర 275 మిల్లీగ్రాములు మించితే పరీక్షను వాయిదా వేయడం పద్ధతి.

పళ్లెంలో ఏముండాలి, ఎలా ఉండాలి

రోజూ చేతిలో ఉన్న చికిత్స ఇదే గనుక, నా దృష్టిలో మందు కంటే దీనికే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. సూత్రం సులభం. కడుపు చేయలేకపోతున్న రుబ్బుడు పనిని వంటింట్లో చేసి పెట్టాలి, కడుపు ఊడ్చలేని నలగని ముక్కలు పళ్లెంలోకి రాకుండా చూడాలి. స్వీడన్‌లో షుగరు రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, మెత్తగా చిదిమిన ఆహారం తిన్నవారికి వికారం, వాంతులు, కడుపుబ్బరం తగ్గాయి.

ముక్క ఎంత మెత్తగా ఉండాలో తెలుసుకోవడానికి కొలతలు అక్కరలేదు. ఉడికిన కూర ముక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలపండి. నార గాని, తొక్క గాని, పలుకు గాని వేళ్లకు తగలకుండా నలిగితే అది తినదగినది, తగిలితే మరో రెండు విజిళ్లు వేయాలి, లేదా మిక్సీలో ఒక తిప్పు తిప్పాలి. మెత్తగా వండిన అన్నం, పొట్టు తీసిన పెసరపప్పు, తొక్కా గింజా తీసిన సొరకాయ, బీరకాయ, మెత్తని ఇడ్లీ, వడకట్టిన చారు, మజ్జిగ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసి చిదిమిన చేప, కోడి కైమా, వడకట్టిన రాగి జావ ఇవన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. మునక్కాడ, పనస తొన, పచ్చి కొబ్బరి, తోటకూర కాడలు, మొక్కజొన్న పొత్తు, వేరుశనగ గుళ్లు, తొనల మీది పొర తీయని నారింజ నెగ్గవు. ఊడ్పు సరిగా జరగని కడుపులో ఇలాంటి నార పేరుకుపోయి గట్టి ఉండగా మారే ప్రమాదం కూడా ఉంది. మలబద్ధకానికి ఇసబ్గోల్ వాడేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, కొనసాగించాలో మానాలో అడగాలి.

మన వంటలో అసలు చిక్కు తాలింపుతో వస్తుంది. ఆవాలు, మినపగుళ్లు, ఎండుమిరప తొక్క, కరివేపాకు అన్నీ నలగనివే, తాలింపు లేని పప్పు నోటికి ఎక్కదు. దీనికొక ఉపాయం ఉంది: చెంచాడు నూనెలో తాలింపు ఎప్పటిలాగే వేయించి, చిటపటలు ఆగాక టీ జాలీలోంచి ఆ నూనెను మాత్రమే పప్పులోకి వంపండి. వాసనంతా దిగుతుంది, గింజలన్నీ జాలీలో మిగులుతాయి. నూనె ఒక చెంచా దాటకూడదు, ఎందుకంటే కొవ్వు చిన్నపేగుకు తగలగానే కడుపును నెమ్మదించమని సంకేతాలు వెళ్తాయి. పూరీ, వడ, వేపుడు ఈ కారణంగానే మానాలి. ఆవకాయ ముక్క పక్కన పెట్టి, నూనె తేరని ఊట అరచెంచా కలుపుకుంటే పెద్దగా ఇబ్బంది ఉండదు.

వేళల విషయంలో ఒక వైరుధ్యం ఎదురవుతుంది. కడుపు చిన్న మోతాదులనే మోయగలదు కాబట్టి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమంటారు, మోటిలిన్‌కేమో తిననివేళ కావాలి. ఆచరణలో కుదిరే రాజీ ఇలా ఉంటుంది: ఉదయం ఏడున్నర నుంచి రాత్రి ఏడున్నర వరకు మూడేసి గంటల ఎడంతో ఐదుసార్లు, ఒక్కోసారి చిన్న గిన్నెడు తిని, ఆ మధ్యలో నీళ్లు తప్ప మరేమీ ముట్టకుండా ఉండాలి, రాత్రి పన్నెండు గంటలు మాత్రం పూర్తిగా ఊడ్పుకు వదిలేయాలి. లంఖణం పరమౌషధమన్నారని పగలు పూట మానేయడం ఇన్సులిన్ వాడేవారికి ప్రమాదకరం, రాత్రి ఎడం కూడా డాక్టరుతో మాట్లాడే పెట్టుకోవాలి. సాయంత్రానికి అలసిన కడుపు గట్టి ఆహారం కంటే జావలాంటి ద్రవాన్ని సులువుగా పంపగలదు కనుక చివరి రెండు పూటలకూ ద్రవాహారం పెట్టుకోవడం మేలు. తిన్నాక పది ఇరవై నిమిషాలు నడవాలి, రెండు గంటల లోపు పడుకోకూడదు. సోడాలు, మద్యం, పొగాకు వద్దు.

ఎరిత్రోమైసిన్: హార్మోను వేషం వేసే యాంటీబయోటిక్

మోటిలిన్‌నే మందుగా ఇవ్వలేమా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. అది ప్రోటీన్ ముక్క కనుక మింగితే అరిగిపోతుంది, రక్తంలోకి ఎక్కించినా కొద్ది నిమిషాల్లో కరిగిపోతుంది. దారి అనుకోని వైపు నుంచి దొరికింది. 1952 నుంచి వాడుకలో ఉన్న ఎరిత్రోమైసిన్ మింగినవారికి కడుపులో మెలిపెట్టే నొప్పి రావడం అందరికీ తెలిసిన దుష్ఫలితం. జపాన్‌లోని గున్మా విశ్వవిద్యాలయంలో జెన్ ఇతో బృందం, ఆ మందు కుక్కల కడుపులో అచ్చంగా మోటిలిన్ పుట్టించే అలలనే పుట్టిస్తోందని 1984లో ప్రకటించింది. ఆ మందు అణువు, మోటిలిన్ పిలుపును అందుకునే గ్రాహకానికి అతుక్కుని దాన్ని మేల్కొల్పుతుంది. 1990లో బెల్జియంలోని లూవెన్ వైద్యులు పదిమంది షుగరు రోగులకు 200 మిల్లీగ్రాములు రక్తనాళంలోకి ఇచ్చి చూస్తే, మందు లేనప్పుడు రెండు గంటలకు కడుపులో 63 శాతం మిగిలిన గట్టి ఆహారం, మందుతో 4 శాతానికి పడిపోయింది.

ఇంత బలమైన మందు ఉండగా ఇంకా ఎందుకీ అవస్థ అంటే, గ్రాహకం అలసిపోతుంది కనుక. రోజూ వాడితే నాలుగు వారాల లోపే చాలామందిలో ప్రభావం సడలుతుంది. అందువల్ల దీన్ని సాధారణంగా విషమించిన రోజుల్లో, తక్కువ మోతాదులో, తక్కువ కాలానికే రాస్తారు. యాంటీబయోటిక్‌గా ఒక్కో మోతాదు 250 నుంచి 500 మిల్లీగ్రాములు ఉంటే, ఇక్కడ తరచుగా 50 నుంచి 100 మిల్లీగ్రాములతో, రోజుకు మూడుసార్లు భోజనానికి ముందు మొదలుపెడతారు. మాత్ర కంటే సిరప్ మేలు, ఎందుకంటే కదలని కడుపులో మాత్ర కూడా అన్నంలాగే ఆగిపోతుంది. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములని ఉంటే, 50 మిల్లీగ్రాములకు 2 మిల్లీలీటర్లు వస్తుంది. చెంచాతో అంచనా వేయకుండా గీతలున్న సిరంజితో కొలవండి. మోతాదు నిర్ణయించవలసింది డాక్టరే, షాపతను కాదు.

ఒక జాగ్రత్తను మాత్రం గట్టిగా చెప్పాలి. ఎరిత్రోమైసిన్ గుండె లయను దెబ్బతీయగలదు, కాలేయంలో ఇతర మందులు విరగకుండా అడ్డుపడగలదు. మన దగ్గర గ్యాస్ క్యాప్సూలుగా అమ్ముడుపోయే, పేరు చివర డి అనే అక్షరం ఉండే చాలా మందుల్లో డొంపెరిడోన్ కలిసి ఉంటుంది. అది కూడా కడుపును కదిలించేదే, అది కూడా గుండె లయను మార్చగలదే. ఈ రెండూ ఒకేసారి వాడకూడదు. కొలెస్ట్రాల్ తగ్గించే సింవాస్టాటిన్‌తో కూడా ఎరిత్రోమైసిన్ కుదరదు, అటోర్వాస్టాటిన్ వాడేవారు ముందుగా చెప్పాలి. దగ్గుకని అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ కూడా ఇదే కుటుంబానికి చెందినది, అది కూడా మోటిలిన్ గ్రాహకాన్ని కదిలిస్తుంది, గుండె విషయంలో దానికీ జాగ్రత్త అవసరమే. మందు మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీయించుకోవడం పెద్ద ఖర్చు కాదు. పసికందులకు మాత్రం ఎరిత్రోమైసిన్ విచ్చలవిడిగా ఇవ్వకూడదు, పుట్టిన తొలి వారాల్లో ఇస్తే కడుపు కవాటం బిగుసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఈ జబ్బుకు డాక్టర్లు వాడే మరో మందు మెటోక్లోప్రమైడ్. అది వేరే దారిలో పనిచేస్తుంది. పన్నెండు వారాలు దాటి వాడితే ముఖం, నాలుక వాటంతటవే కదిలే జబ్బు శాశ్వతంగా మిగలవచ్చు. మెడ పక్కకు లాగుతున్నా, దవడ బిగిసినా ఆ పూటే ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి. యాంటీబయోటిక్ గుణం లేకుండా మోటిలిన్ గ్రాహకాన్ని మాత్రమే తట్టే మందుల కోసం కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి ప్రయత్నించినా, అలాంటి మందు చికిత్సలో స్థిరపడలేదు.

ఇన్సులిన్ వేళ, ఆపరేషన్ రోజు

భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ జబ్బు ఒక ఉచ్చు. ఇన్సులిన్ సమయానికి పనిచేస్తుంది, అన్నం సమయానికి పేగుకు చేరదు. తిన్న గంటకే చెమటలు పట్టి చక్కెర పడిపోతుంది, మూడు నాలుగు గంటలకు ఒక్కసారిగా పెరుగుతుంది. పెరిగిన చక్కెర కడుపును ఇంకా నెమ్మదింపజేస్తుంది. తిన్నాక ఒకటి, రెండు, నాలుగు గంటలకు వారం రోజులు చక్కెర చూసి రాసుకుని ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే, ఇంజెక్షన్‌ను భోజనం మధ్యకో తరువాతకో జరపాలా అన్నది ఆయన తేల్చగలరు. చక్కెర పడిపోయినప్పుడు బిస్కట్లు, మిఠాయి వీరికి ఆలస్యంగా అందుతాయి కనుక గ్లూకోజు నీళ్ల వంటి ద్రవమే తాగించాలి, పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాంతులు ఆగక, చక్కెర పెరుగుతూ, నీళ్లు కూడా నిలవకపోతే అది ఇంట్లో చూసుకునే స్థితి కాదు.

కంటి శుక్లాలకో, పిత్తాశయంలో రాళ్లకో ఆపరేషన్ చేయించుకోవలసి వస్తే మత్తు డాక్టరుకు కడుపు నెమ్మదించిన సంగతీ, వాడుతున్న మందుల పేర్లూ మీరే ముందుగా చెప్పండి. అందరికీ చెప్పినట్టు ఆరు గంటలు ఏమీ తినకుండా ఉన్నా మీ కడుపులో అన్నం మిగిలే ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముందు రోజంతా ద్రవాహారం మీద ఉంచాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. కొందరు కడుపు ఖాళీ చేయడానికి ముందుగా ఒక మోతాదు ఎరిత్రోమైసిన్ కూడా ఇస్తారు.